వంకీల కురులు, ఉప్పుగాలి



బారువ మొదలు భోగాపురము వరకు సముద్రము నంటియున్న మన యూళ్లలో, శ్రావణ భాద్రపద మాసముల సాయంకాలమున వీథి యరుగుపై కూర్చున్న ఆడపిల్ల తల నొకమారు పరికించి చూడుడు. ఉదయము నూనె రాచి, నున్నగా దువ్వి, బిగించి అల్లిన జడలోనుండియే చెవుల ప్రక్కను, నొసటి మీదను, మెడ వెనుకను వెంట్రుకలు ఒక్కొక్కటిగా తప్పించుకొని వచ్చి వంకీలు తిరిగి నిలిచియుండును. తల్లి దానిని చూచి, “ఓలె గుంటా, పొద్దున్న దువ్విన తలేనా ఇది? నెత్తి మీద ఈ కంప ఏటే? ఇలగొచ్చి కూకో” అని దువ్వెన పుచ్చుకొనుటయు, పిల్ల మూతి ముడుచుకొని వచ్చి తల్లి మోకాళ్ల నడుమ చతికిలబడుటయు, పొడి జుట్టుపై నాలుగు మారులు దువ్వెన లాగినంతనే ఆ జుట్టు అణగుటకు మారుగా పొంగి మునుపటికి రెట్టింపగుటయు మన యిండ్లలో నిత్యము జరుగు వ్యవహారమే.

ఈ పొంగుటకు కారణమేమి, దానిని నిలువరించుట యెట్లు అనునదియే ఈ పూట నా ప్రసంగ విషయము. ఒత్తైన వంకీల జుట్టునకు చేయవలసిన సింగారమంతయు అది తడిగా నున్నప్పుడే చేసి ముగింపవలెను. ఆరిన పిమ్మట దానిపై దువ్వెన పెట్టరాదు. ఇంతకు మించిన రహస్యము లేదు గాని, ఈ యొక్క మాట పాటించుటకు మన యలవాట్లు కొన్ని తలక్రిందులు కావలసియున్నవి గనుక కొంత విస్తరించి చెప్పుట యవసరము. పాయను వ్రేలికి ఎట్లు చుట్టవలెనో చేతితో చూపినచో క్షణములో తెలియును. రేడియోకు కన్నులు లేవు గదా, మాటలతోనే చుట్టవలెను. ఆ మాటలైనను, ముఖలింగము చెంత పర్వతాలపేటలో పుట్టి వాడుకభాషకై జీవితమంతయు పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారి సీమలో కూర్చుండి, నేనిట్లు గ్రంథభాషలో చెప్పుచుండుట విన్నచో ఆ మహానుభావుడు ఊరకుండెడివారు కారు. నోటికి పట్టిన పాతవాసన. శ్రోతలు సైరింతురు గాక.

మొదట కారణము చెప్పెదను. వెంట్రుక కెరటిన్ అను మాంసకృత్తుతో ఏర్పడినది. తలచర్మములో వెంట్రుక మొలచు గుంట గుండ్రముగా నున్నచో వెంట్రుక తిన్నగా వచ్చును. అది కోలగా, ఒకింత వంపుతో నున్నచో వంకీ తిరిగి వచ్చును. కాబట్టి వంకీ యనునది దువ్వని తల్లి యపరాధము గాని, నూనె రాయని పిల్ల యపరాధము గాని కాదు. అది పుట్టుకతో వచ్చినది. ఇక ఆ మాంసకృత్తు పోగులను ఒండొంటితో కట్టియుంచు బంధములలో గంధకముతో ఏర్పడినవి దృఢమైనవి, నీటికి చలింపవు. ఉదజని బంధములు అట్లు గాక, తడి తగిలినంతనే విడిపోయి, ఆరునప్పుడు వెంట్రుక ఏ రూపమున నున్నదో ఆ రూపముననే మరల ముడివడును. తలంటుకొని తడిజుట్టును తిన్నగా లాగి ముడిచినచో, ఆరిన తరువాత ఆ ముడి యానవాలు రోజంతయు నిలుచుట మీరెరుగుదురు. అది ఈ బంధముల పని. సముద్రపు గాలిలో నున్న తేమ కూడ నీరే గదా. ఉదయము పొడిగా, తిన్నగా నిలిపిన జుట్టులోనికి ఆ తేమ కొంచెము కొంచెముగా చొచ్చి, ఈ వెంట్రుకలో నొకచోట, ఆ వెంట్రుకలో నింకొకచోట బంధములను విప్పుచు, ప్రతి వెంట్రుకను దాని స్వభావపు వంపునకు మరలించును. అన్నియు కలసి ఒక పాయగా వంగినచో అది అందమైన అలయగును. దేని త్రోవ దానిదిగా వంగినచో కంపయగును. పొడిదువ్వెన చేయు అపకారమంతయు ఇదియే: అది పాయలను విడదీసి వెంట్రుకల నన్నింటిని ఒంటరులను చేయును.

ఈ వంకీలకై పాశ్చాత్యులు పడిన పాట్లు తలచుకొన్నచో మన యాడపిల్లలకు తమ తలపై నున్న సంపద విలువ తెలియును. 1872 ప్రాంతమున పారిస్ నగరములో మార్సెల్ గ్రాటో అను క్షురకుడు కాల్చిన ఇనుప పట్టకారుతో తిన్నని జుట్టును అలలుగా నొక్కుట కనిపెట్టి ధనికుడాయెను. అటుపిమ్మట 1906 ప్రాంతమున లండనులో కార్ల్ నెస్లర్ అను జర్మనుడు జుట్టును ఇత్తడి కడ్డీలకు చుట్టి, క్షారద్రవ్యము పూసి, విద్యుత్తుతో వేడిచేసి శాశ్వతమైన వంకీలు తెప్పించు పద్ధతిని ప్రదర్శించెను. ఒక్క తలకు ఆరేసి గంటలు పట్టెడిదట! తొలి ప్రయత్నములలో ఆయన భార్య జుట్టే కాలిపోయినదని చెప్పుదురు. ఆ యిల్లాలి ఓర్పునకు నమస్కరింపవలసినదే. వారు అంత తపస్సు చేసి తెచ్చుకొన్న దానిని మనము పుట్టుకతో పొంది, ఊరిలో క్రొత్తగా వెలసిన అందాల దుకాణమునకు పోయి, వేలకొలది రూపాయలు పోసి తిన్నగా సాగదీయించుకొని వచ్చుచున్నాము.

మన పూర్వుల కీ చిన్నచూపు ఉన్నట్లు తోచదు. బుద్ధుని శిరోజములను కుడివైపునకు సుళ్లు తిరిగిన చిన్న చిన్న ఉంగరములుగా మలచుట బౌద్ధశిల్పుల సంప్రదాయము; ఆ ధర్మము వర్ధిల్లిన సాలిహుండము కొండ మన వంశధార యొడ్డుననే యున్నది. ముఖలింగములోని మధుకేశ్వరాలయపు గోడలపై స్త్రీమూర్తుల కొప్పులను చూడుడు. పలుచని జుట్టుతో, జారిపోవు జుట్టుతో అంతటి కొప్పు నిలుచునా? మన తూర్పు భాగవతములో పురుషుడు సత్యభామ వేషము కట్టి రంగమున ప్రవేశించునప్పుడు, ఆ పాత్ర అతిశయమునకు గురుతుగా వెనుక వ్రేలాడు జడ కిచ్చు ప్రాధాన్యము ఇంత యని చెప్పరాదు. సవరము పెట్టియైనను దానిని లావుగా చేయుదురే గాని, సన్నని జడతో భామ రాదు.

బిగుతుగా అల్లిన నూనెజడను నేను తక్కువ చేయుట లేదు. ఉప్పుగాలియు, ఎర్రదుమ్మును, పొలము పనియు ఉన్నచోట జుట్టును ఒక్కచో కట్టిపెట్టుట బుద్ధిమంతుల పనియే. కాని బడికి పోవు పిల్లకు రెండు జడలు చెవుల మీద బిగించి, రిబ్బనుతో మడిచి కట్టి, కనుబొమలు పైకి లేచునంత గట్టిగా లాగుట ఏటికేటికి సాగినచో, నొసటి పైని, కణతల పైని వెంట్రుకలు కుదుళ్లతో సహా సడలి పలుచబడును. నడివయసు వచ్చుసరికి నొసలు పెద్దదై కనిపించు స్త్రీలలో కొందరకు ఈ లాగుడే కారణము. ఒత్తైన జుట్టు బరువైన జుట్టు. బరువైన దానిని బిగించి కట్టినచో ఆ బరువంతయు కుదుళ్ల మీదనే పడును.

ఇక పద్ధతిలోనికి వచ్చెదను. తలంటునకు ముందునాటి రాత్రియే పని ఆరంభము కావలెను. కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి, మాడునకు కొద్దిగాను, చివరలకు ఎక్కువగాను పట్టింపవలెను. మనవారు దీనికి విపర్యయముగా మాడు మీద దోసెడు పోసి చివరలను మరచెదరు. వంకీల జుట్టులో తలచర్మము నుండి ఊరు సహజమైన చమురు వంపులు దాటి క్రిందికి దిగజాలదు గనుక చివరలే ఎండిపోవును. నూనెలలో కొబ్బరినూనెకే ఏల ఈ పట్టాభిషేక మనినచో, 2003లో ముంబయి పరిశోధకులు ప్రకటించిన పరీక్షలలో, కొబ్బరినూనె వెంట్రుక లోపలికి చొచ్చి, కడుగునప్పుడు మాంసకృత్తు నష్టము గాకుండ కాపాడినదనియు, పొద్దుతిరుగుడు నూనె, ఖనిజతైలము ఆ పని చేయజాలలేదనియు తేలినది. ఉద్దానపు అవ్వలకు ఈ పరిశోధనతో పనిలేకుండెను. కవిటి, సోంపేట, కంచిలి తోటల కొబ్బరిని ఇంట వండి తీసిన నూనె వాసన ఆ ప్రాంతపు వంటిళ్లలో పుట్టి పెరిగిన వారెవ్వరును మరువలేరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దాపున తీరము దాటి ఆ తోటల నెట్లు నేలమట్టము చేసినదో తలచుకొన్నచో ఇప్పటికిని మనసు చివుక్కుమనును. ఆముదము కూడ మంచిదే గాని ఒత్తైన జుట్టున దానిని ఒంటిగా వాడరాదు. అది జిడ్డుగా పట్టి, వదలించుటకు రెండు మారులు రుద్దవలసివచ్చును; ఆ రుద్దుడుతో చేసిన మేలంతయు పోవును.

నూనె పట్టిన ఆ రాత్రియే చిక్కు తీయవలెను, దువ్వెనతో గాక వ్రేళ్లతో. మరునాడు కుంకుడురసము. గింజ తీసిన కుంకుడుకాయలను, నడుము దాకు జుట్టునకు రెండు గుప్పెళ్ల వరకు, ముందుగానే వేడినీట నాననిచ్చి, పిసికి, పలుచని గుడ్డలో వడియగట్టుకొనవలెను; నలక మిగిలినచో వంకీలలో చిక్కుకొని ఆరినదాక రాలదు. సీకాయ కూడ కొంచెము కలిపినచో మరియు మృదువుగా నుండును. సీతంపేట, పార్వతీపురము మన్యములలో సవరలు, జాతాపులు అడవి నుండి తెచ్చు ఈ సరుకును 1956 నుండి గిరిజన సహకార సంస్థ కొని అమ్ముచున్నది. అంగడిలో రంగుల సీసాల ప్రక్కను దుమ్ము పట్టియుండు ఆ పొట్లమును వెదకి కొనుడు. బోరు నీటి ఊళ్లలో దీని విలువ మరియు ఎక్కువ. ఆ నీటిలో నున్న సున్నపు లవణములతో కలసినచో సబ్బు తెల్లని మడ్డిగా మారి వెంట్రుకల మీద పేరును. కుంకుడు నురుగునకు అట్టి మడ్డి ఏర్పడదు. పైగా సబ్బు క్షారగుణము గలది. క్షారము తగిలినచో వెంట్రుక పైపొర పొలుసులు లేచి ఒకదాని కొకటి గీచుకొనును. కుంకుడు కొంచెము ఆమ్లగుణము గలదగుటచే ఆ పొలుసులు అణగియుండును. కంట పడినచో మాత్రము శాస్త్రమెల్ల మరచిపోవుట నిశ్చయము.

కుంకుడు కడిగిన పిమ్మట, గుప్పెడు మందారాకులు నీటిలో పిసికి తీసిన జిగురును జుట్టునకు పట్టించి, ఆ జిగురు కడుగక మునుపే దువ్వవలెను. తడిగా నున్న వెంట్రుక సాగును, తెగును. జిగురు లోపలనున్నచో దువ్వెన జారును. వెడల్పు పళ్ల చెక్కదువ్వెన చాలును, అదియు చివరల నుండి మొదలుపెట్టి, జానెడు జానెడుగా పైకి జరుగుచు. పొందూరులో ఖద్దరు నూలు వడుకు స్త్రీలు పత్తిని వాలుగ చేప దవడ యెముకతో దువ్వుదురని వినియుందురు. సన్నని పళ్లు బారులు తీరియున్న ఆ యెముకతో వారు కొద్దికొద్ది పత్తిని చేతబట్టి, తొందర యెరుగని చేతితో నలకను తీసి, పోగులను తీర్చుదురు. వడికిన దారము సన్నదనమునకు అచ్చటనే పునాది పడును. ఆ సన్నని పళ్లు మన తలకు పనికిరావు. ఆ చేయి మాత్రము కావలెను. పత్తి పోగు తెగునేమో యని వారు చూపు జాలిలో నాలవవంతు మన తల్లులు కూతుళ్ల జుట్టుపై చూపినచో, తలంటు రోజున ఇంటింట వినవచ్చు ఏడ్పులు సగము తగ్గును.

జిగురు కడిగిన తరువాత తువాలుతో రుద్దుట, జుట్టును ముందుకు విదిలించి గుడ్డతో టపటప కొట్టుట అను పాత యాచారమును మానవలెను. ఇది మా యింట పెద్దవారికి నచ్చని మాట. ఆ చప్పుడు లేనిదే తలంటు పూర్తియైనట్లు వారికి తోచదు. దానికి బదులు, మెత్తబడిన పాత నూలుచీర ముక్కలో జుట్టును ఒత్తి ఒత్తి నీటిని పీల్చవలెను. నీరు కారుట నిలిచి, జుట్టు ఇంకను చల్లగా తడిగా నున్న సమయమే శుభముహూర్తము. పాపిట అప్పుడే తీయవలెను. తల ముందుకు వంచి, రెండు వ్రేళ్ల లావున ఒక్కొక్క పాయను తీసి, దాని స్వభావము ఏ వైపునకు తిరుగుచున్నదో ఆ వైపునకే వ్రేలిపై చుట్టి, అరచేతిలో పెట్టి మాడు వైపునకు నొక్కి, క్షణమాగి విడువవలెను. ముఖము చుట్టునున్న పాయలకు ఈ శ్రద్ధ చాలును; వెనుకటి జుట్టునంతటిని మూడు నాలుగు వదులు జడలుగా అల్లి వదలివేయవచ్చును. ఇక ఆరువరకు చేయి పెట్టరాదు. ఒత్తైన జుట్టు ఆరుటకు పూట పట్టును, ముసురు పట్టిన దినములలో సాయంకాలమగును. అందుకే మన పూర్వులు సాంబ్రాణి ధూపము వేసిరి. గంప బోర్లించి, దానిపై జుట్టు పరచి, క్రింద నిప్పులపై సాంబ్రాణి చల్లినచో ఆ వెచ్చని పొగ మెల్లగా తడిని లాగును. సువాసన అదనపు లాభము. నేటి విద్యుత్ యంత్రపు వేడిగాలి కంటె అది ఎంతయో శాంతమైనది. ఆ యంత్రమునే వాడవలసివచ్చినచో తక్కువ వేడిమిపై, దూరముగా పట్టుడు. తడిజుట్టుపై కాలిన ఇస్త్రీ పట్టకారును మాత్రము ఎన్నడును పెట్టరాదు. వెంట్రుక లోపలి నీరు ఒక్కుమ్మడి ఆవిరై బుడగలు లేచి, అది లోపలినుండియే పగులును.

అలలు నిలుచుటకు పైపూత కావలెనని కొందరడుగుదురు. అన్నపు గంజిని నీరువలె పలుచగా చేసి తడిజుట్టునకు రాచినచో కొంత పనిచేయును. చిక్కగా రాచినచో పంచెకు పెట్టిన గంజివలెనే పెళుసెక్కి పొడి రాలును. అంతకంటె అవిసె గింజలు మేలు. రెండు చెంచాల గింజలను రెండు గ్లాసుల నీటిలో మరిగించి, తీగ సాగునంతట దించి, వేడిగా నున్నప్పుడే వడియగట్టవలెను, చల్లారినచో గుడ్డలోనుండి దిగదు. వారము లోపల వాడివేయుడు, లేనిచో కుళ్లును. జుట్టు ఆరిన పిమ్మట ఈ జిగురు వలన వంకీలు కొంచెము బిరుసుగా తోచును. అప్పుడు రెండు చుక్కల కొబ్బరినూనె అరచేతుల రాచుకొని జుట్టును క్రిందినుండి మెల్లగా నలిపినచో బిరుసు పోయి మెత్తని అలలు మిగులును.

ఇట్లు సిద్ధమైన జుట్టును ఎట్లు ధరింపవలెనన్నది ఎవరి యిష్టము వారిది. విజయదశమి వెళ్లిన తొలి మంగళవారమున విజయనగరములో పైడితల్లి జాతరలో సిరిమాను తిరుగునప్పుడు, ఆ జనసమ్మర్దములో, ఆ యుక్కలో జుట్టు విరియబోసికొని నిలుచుట సాహసము. అట్టి దినమున చెవుల నుండి రెండు పాయలు మాత్రము వెనుకకు తెచ్చి వదులుగా కలిపి, మిగిలిన దానిని మెడపై జారుముడిగా చుట్టి, కనకాంబరాల దండ ముడి చుట్టు త్రిప్పినచో వంకీలే ముడిని పట్టియుంచును, సూదులు రెండైన చాలును. తిన్నని జుట్టున్న ఆడపడుచులు పది సూదులు గ్రుచ్చియు సాధింపలేని పని ఇది. చివరలను ఏటికి మూడు నాలుగు మారులు కత్తిరించుకొనుట మరువకుడు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగును గనుక కోల్పోవునది స్వల్పము. పురుషులును, కుర్రవారును కూడ ఈ పద్ధతిని అవలంబింపవచ్చును. మన తాతల నాటి గిరజాలకు ఈ మాత్రపు శ్రద్ధయైనను ఉండెడిది. నేటి కుర్రవారు అలలుగా వచ్చిన జుట్టును చెవుల పైకి గొరిగించుకొని, మిగిలిన దానిని ఏదో జిగురుతో నిక్కబొడిచి తిరుగుచున్నారు.

రెండవనాటి ఉదయము జుట్టు ఒక ప్రక్క అణగి, ఒక ప్రక్క లేచియుండుట సహజము. అది చూచి భయపడి దువ్వెన వెదకకుడు. రాత్రి పండుకొనునప్పుడు వదులుగా ఒంటిజడ అల్లి, తలగడపై పాత పట్టుచీర ముక్క పరచుకొన్నచో ఆ బాధ సగము తప్పును. మిగిలిన సగమునకు గ్లాసుడు నీరు చాలును: చేతులు తడుపుకొని, చెదరిన పాయలను మాత్రమే తడిపి, మొదట చెప్పినట్లు వ్రేలికి చుట్టి విడువవలెను. ఇట్లు చేసినచో మూడు నాలుగు దినములు గడచును. చెమట పట్టు వేసవిలో వారమునకు రెండు తలంటులు, చలికాలమున ఒక్కటి సరిపోవును.

ఇంతయు విన్న తరువాత, పొడిజుట్టు దువ్వకున్నచో పేల మాటేమి అని తల్లులు తప్పక అడుగుదురు. బడి పిల్లల తలలున్నంత వరకు ఈ ప్రశ్న ఉండును గనుక సమాధానము కూడ చెప్పి ముగించెదను. పేనుదువ్వెనను పారవేయ నక్కరలేదు. దానిని కూడ తడిజుట్టుపై, నూనెయో మందార జిగురో పట్టించి, వెడల్పు దువ్వెనతో ముందు చిక్కంతయు తీసిన పిమ్మట, మాడు నుండి చివర దాక పాయ పాయగా లాగుడు. ప్రతి లాగునకు దువ్వెనను తెల్లని గుడ్డపై తుడుచుచుండుడు. పొడితలలో పరుగులు తీయు పేను తడిలో కదలక ఉన్నచోటనే దొరకును. గ్రుడ్లు పొదిగి క్రొత్తవి వచ్చుచుండును గనుక నాలుగు దినముల కొకమారు చొప్పున, దువ్వెనకు ఏమియు తగులనంత వరకు దీనిని సాగింపవలెను. ఇంటిలో ఒక్క తలను దువ్వి తక్కిన తలలను వదలినచో ప్రయోజనము లేదు.